పోయొస్తా

పరీక్షలన్నీ పాసయ్యాయి. తెర మీద పైనుంచి కిందిదాకా పచ్చ గీతలే. నివేదిత కుర్చీలో వెనక్కి వాలి, చల్లారిపోయిన కాఫీని ఒక్క గుక్కలో తాగేసింది.

కోయంబత్తూరు పీళమేడులో, అమ్మ రాజామణి నడిపే పంపు స్పేరు పార్టుల అంగడి పైన, మేడగది ఆమెది. కొన్నేళ్ళుగా ఆ గదిలో కూర్చుని ఆమె రాస్తున్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పేరు 'కబురు'. సెల్ సిగ్నల్ సరిగా అందని చోట్ల చిన్నచిన్న పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది పనికొస్తుంది. ఈ పెట్టె ఆ పెట్టెకి, ఆ పెట్టె ఇంకో పెట్టెకి, అంచెలంచెలుగా సందేశం అందిస్తాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా చదవచ్చు, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఆమెను అడగక్కర్లేదు. ఏ ఊళ్ళో ఎవరు వాడుతున్నారో ఆమెకే తెలియదు. ఆ పొద్దుటిదాకా అది తలచుకుంటే ఆమెకు గర్వంగా ఉండేది.

ఆ రోజు కొత్త వెర్షన్‌కి ఆఖరి పరీక్ష. ఒక పరికరం ఆమె బల్ల మీదే ఉంది. రెండోది కారమడై పక్కన మేనమామ వరదరాజన్ తోటలో, మోటారు షెడ్డు గోడకి బిగించిన పెట్టె. దానికొక దీపం, ఒక సైరన్, పేరు కనిపించే చిన్న తెర ఉన్నాయి. అక్కడి కబురు మధ్యలోని అంచె పెట్టెల మీదుగా ఆమె బల్లదాకా వస్తుంది. మూడోది మామ కొడుకు రఘురామన్ చొక్కాకి తగిలించుకున్నాడు. దాన్ని తయారుచేసింది కూడా అతనే. చుట్టూ గాలిలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచి పైకి చెబుతుంది.

రఘు దాంతో తోటలోని పాత బావిలోకి దిగాడు. అడుగున పంపు పైపు చివరనుండే ఫుట్‌వాల్వు చెడిపోయింది. దాన్ని బాగుచేసినట్టూ ఉంటుంది, పరీక్ష జరిగినట్టూ ఉంటుంది అనుకున్నారు.

అది రాతిని తొలిచి తవ్విన బావి. అడుగు దగ్గర పక్కకి ఒక సొరంగం ఉంది. అందులోకి దూరినవాడు పైనున్నవాళ్ళకి కనిపించడు. వాడకం తగ్గిన బావుల్లో చెడుగాలి పేరుకుంటుందని ఆ చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. అందుకే లోపల మనిషి ఉన్నంతసేపూ పైనుంచి ఒకరు కేకేస్తూ ఉంటారు. బదులు రాకపోతే తాడు లాగుతారు. దిగేముందు రోడ్డు మీదికొచ్చి ఫోన్ చేసిన రఘు ఆ సంగతే చెప్పి నవ్వాడు.

"నాయన కెణట్లోకి తొంగిచూసి ఊరికే అరుస్తా ఉంటాడు అమ్మి. అరవద్దు, పచ్చదీపం చూస్తా గమ్మున కూర్చోమని చెప్పినా."

"తాడు కట్టుకున్నావా బావా?"

"కట్టుకోకుంటే దిగనియ్యనన్నాడు. నన్ను ఎద్దనుకున్నట్టుంది. సరి, పోయొస్తా."

వాళ్ళ ఇళ్ళలో ఎవరూ 'పోతా' అనరు. మాటల్లో సగం తమిళమైపోయినా, గడప దాటేటప్పుడు అనే ఆ ఒక్క మాట మాత్రం చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు నివేదిత నోరుజారి "పోతానమ్మా" అంటే, రాజామణి వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, సరైన మాట అనిపించి అప్పుడు బడికి పంపేది.

ఆ అలవాటు నివేదిత రాసిన కోడ్‌లోకీ వచ్చేసింది. ఏదైనా పరికరం తనంతట తాను ఆగిపోయేముందు మిగతావాటికి పంపే మాట 'పోయొస్తా'. ఆ మాట చెప్పకుండా హఠాత్తుగా తెగిపోతే కాసేపట్లో సైరన్ మోగుతుంది. చెప్పి వెళితే మోగదు. దాని పేరు పక్కన దీపం పచ్చగానే ఉంటుంది. దానికి రావలసిన సందేశాలు అది తిరిగొచ్చేదాకా మిగతావి దాచి ఉంచుతాయి. ఎక్కడివాడో ఒకాయన నెలల కిందట అందరూ చదివే చర్చాపేజీలో అడిగాడు, ఈ మాట చెప్పి వెళ్ళింది తిరిగి రాకపోతే ఏం చేస్తారని. మా ఇంట్లో అలాంటి ప్రశ్నలు అడగం అని ఆమె సరదాగా జవాబిచ్చింది. ఆ జవాబుకి కొందరు నవ్వుముఖాలు కూడా పెట్టారు.

కాఫీ కప్పు కింద పెట్టి, పరీక్ష ఫలితాలు ఒకచోట చేరుద్దామని తోటలోని పరికరాలు పంపిన వరసలు పైకి జరిపింది. మధ్యలో రఘు పేరు కనబడింది. పక్కనే ఒకే మాట.

పోయొస్తా.

పని ముగించి పైకి వచ్చేశాడన్నమాట అనుకుంది. పరికరం ఆపేసి తాడు విప్పుకుంటూ తండ్రిని ఆటపట్టిస్తున్న రఘు కళ్ళకి కట్టాడు. అప్పుడు ఆమె చూపు దాని పై వరస మీద పడింది. బ్యాటరీ అడుగంటింది. ఇంకా పై వరసలో గాలి కొలత. అంతకుముందున్నది కొంచెం ఎక్కువ, దానికి ముందున్నది ఇంకొంచెం ఎక్కువ. అంకె మెట్టుమెట్టుగా దిగుతూ వచ్చింది. ప్రమాదపు గీత ఇంకా దాటలేదు గానీ, దాటడానికి ఎంతో దూరం లేదు.

నివేదిత చివరి వరస మళ్ళీ చదివింది.

అతను పరికరాన్ని ఆపలేదు. బావి అడుగున సిగ్నల్ సరిగా అందక అది పంపిందే మళ్ళీమళ్ళీ పంపింది. అలా పట్టువదలకుండా పంపాలన్నదే కొత్త వెర్షన్‌లో ఆమె చేసిన మార్పు. ఆ ప్రయత్నంలో బ్యాటరీ మొత్తం ఖర్చయింది. చివరి చుక్కతో అది మర్యాదగా సెలవు తీసుకుంది. ఆ తర్వాత గాలి ఎంత దిగజారిందో చెప్పే నాథుడు లేడు. పైన మోటారు షెడ్డులో మామ పచ్చదీపం చూస్తూ, కొడుకు చెప్పినట్టే కేకెయ్యకుండా కూర్చుని ఉంటాడు.

మామకి ఫోన్ చేసింది. అందుబాటులో లేదు. తోట పల్లంలో ఉంది. ఫోన్ మోగాలంటే మనిషి రోడ్డెక్కి పాలసంఘం దాకా రావాలి. మళ్ళీ చేసింది. అదే మాట.

షెడ్డులోని పెట్టెకి సందేశం పంపవచ్చు గానీ అది ఆ సందేశాన్ని చూపించదు. పరికరం తెగిపోతేనే కూస్తుంది. ఆకతాయి ఎవడూ దూరం నుంచి ఉత్తుత్తి కూత పెట్టించకూడదని ఆమే పట్టుబట్టి అలా రాసింది. తాను కట్టిన గోడకి తానే తల బాదుకుంటున్నట్టయింది.

పరికరం తెగిపోతేనే.

ఆమె చూపు బల్ల మీదికి వెళ్ళింది. తన పరికరానికి బ్యాటరీ లేదు, వైరే ఆధారం. వైరు పీకితే సెలవు చెప్పే వ్యవధి కూడా దానికి ఉండదు. రెండు చేతులతో పట్టి లాగేసింది.

ఇక వేచి ఉండటమే. కింద అంగడిలో ఎవరితోనో అమ్మ వాషర్ల సైజు గురించి వాదిస్తోంది. ఆ గొంతు ఎక్కడో వేరే ఊళ్ళోంచి వస్తున్నట్టుంది. సైరన్ మోగిందో లేదో నివేదితకు తెలిసే దారి లేదు. మోగినా మామకి అర్థమవుతుందా?

ఫోన్ మోగింది. వరదరాజన్.

"కణ్ణు, నీకేమైంది? పెట్టెలో నీ పేరు చూపించి కూస్తా ఉంది."

పెట్టె తన పేరు చూపించింది. తనకేదో అయిందని మామ బావిని వదిలేసి రోడ్డుకి పరిగెత్తుకొచ్చాడు.

"నాకేం లేదు మామా. బావని పైకి లాగండి. ఇప్పుడే."

"వాడికేం, పచ్చ వెలుగుతా ఉందే."

"ఆ పచ్చ అబద్ధం మామా. నేనే అట్ల రాసినా. లోపల గాలి లేదు. ఎవురూ దిగొద్దు, తాడు పట్టి లాగండి. సీక్రం."

మామ పరుగందుకున్నాడు. చెప్పుల చప్పుడు, రొప్పు, గాలి హోరు. అంతే, లైను తెగింది.

ఎవరూ దిగొద్దన్న మాట ఆయన విన్నాడో లేదో. తోటలో పనిచేసే కరుప్పయ్య రఘుని ఎత్తుకు పెంచినవాడు. కేకేస్తే బదులు రాదని తెలిస్తే ముందూవెనకా చూడడు, దిగిపోతాడు. చెడుగాలి ఉన్న బావి ఒకడితో ఊరుకోదు. కాపాడబోయినవాణ్ణీ మింగుతుంది.

నివేదిత స్కూటర్ తాళం తీసుకుని మెట్లు దిగింది. కూతురి ముఖం చూడగానే రాజామణి చేతిలోని వాషర్లు గల్లాపెట్టె మీద వదిలేసింది. బావ కెణట్లో ఉన్నాడని, గాలి లేదని, మామ లాగుతున్నాడని నివేదిత మూడు ముక్కల్లో చెప్పింది. గడప దాటుతుంటే నోరు దానంతటదే అనేసింది, "పోయొస్తామ్మా."

తమ్ముడి కొడుకు బావిలో ఉన్నాడని విన్న రాజామణి నోరు కూడా దానంతటదే అడిగింది.

"ఎప్పుడొస్తావు?"

పుట్టినప్పటినుంచీ వింటున్న ప్రశ్న. నివేదిత ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఉత్త 'పోయొస్తా'తో ఎవరినీ గడప దాటనివ్వలేదు. సాయంత్రమనో, అన్నానికనో ఏదో ఒకటి చెప్పించుకునే పంపేవాళ్ళు. చెప్పిన వేళ దాటితే అమ్మ వీధిలోకొచ్చి నిలబడేది. ఆ మాటలో సగమే తను కోడ్‌లోకి ఎక్కించింది.

మేట్టుపాళయం రోడ్డు మీద లారీల మధ్య స్కూటర్ పోతుండగా తుడియలూరు దాటాక సంచిలో ఫోన్ మోగింది. ఆపడానికి భయం. ఆపకపోవడానికీ భయం. కొబ్బరిబోండాల బండి పక్కన ఆపి, ఎవరు చేస్తున్నారో చూడకుండానే చెవికి పెట్టుకుంది.

కరుప్పయ్య గొంతు. అతను బతికే ఉన్నాడు. అంటే దిగలేదు.

"లాగేసినామమ్మా. ఊపిరుంది. మాట లేదు. అయ్య వానులో ఆస్పత్రికి తీసకపోయినాడు."

దిగబోయానని, ఒక కాలు లోపల పెట్టానని, అయ్య చొక్కా కాలరు పట్టి వెనక్కి గుంజాడని అతనే చెప్పాడు. తాడు నిచ్చెన మెట్టుకి చిక్కుకుని ఎంతకీ కదల్లేదట. ఇద్దరూ కలిసి అటూఇటూ ఊపి ఊపి విడిపించారట. చెబుతూ చెబుతూ కరుప్పయ్య ఏడ్చేశాడు. నివేదిత బోండాల బండి పక్కనే నేల మీద కూలబడింది.

సాయంత్రానికి రఘు కళ్ళు తెరిచాడు. ముక్కు మీద మాస్కు. మణికట్టు మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు. వరదరాజన్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కొడుకు పాదం పట్టుకుని వదలడం లేదు. నివేదిత దగ్గరికొస్తే రఘు మాస్కు కొంచెం పక్కకి జరిపాడు.

"నీ పేరు చూసి నాయన రోడ్డుకి ఉరికినాడంట. నా పేరుకైతే కూర్చునే ఉంటాడు అమ్మి."

వరదరాజన్ నవ్వలేదు. నివేదిత నవ్వబోయి ఏడ్చింది.

ఆస్పత్రి వరండా బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. మార్పు చిన్నదే. పోయొస్తా అన్న పరికరం ఎప్పుడొస్తుందో కూడా చెప్పాలి. ఆ వేళ దాటితే పచ్చ ఆరిపోయి సైరన్ మోగాలి. వేళ చెప్పలేనిది తెగిపోయినట్టే లెక్క. పరీక్ష రాసింది, నడిపింది, విడుదల చేసింది. నెలల కిందటి ప్రశ్న కింద, మీరు అడిగింది సరైనది, నేనిచ్చిన జవాబు తప్పు అని రాసింది. అందరికీ కనబడేలా పైన హెచ్చరిక పెట్టింది: కొత్తది వేసుకునేదాకా పచ్చదీపాన్ని నమ్మకండి, మనిషిని పిలిచి చూడండి.

అది పెట్టాక అసలు భయం మొదలైంది. పాతది ఎక్కడెక్కడ ఉంది? ఏ బావిలో, ఏ తొట్టిలో, ఎవరి చొక్కాకి? హెచ్చరిక చదివేవాడికే తెలుస్తుంది. చదవనివాడి ముందు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

ఒకటీ అరా జవాబులు వచ్చాయి. చూశాం, మార్చాం, మా దగ్గర మనుషులకి కాదు, నీళ్ళ మీటర్లకి వాడుతున్నాం అని. ప్రతిదానికీ ఆమె ఊపిరి వదిలింది. తర్వాత చిన్నమనూరు నుంచి సత్యరాజ్ అనే ఆయన రాశాడు. ద్రాక్షతోట బావిలో పూడిక తీసేవాళ్ళకి ఇదే తగిలించామని, అందరూ ఎక్కేశారనుకున్నానని, ఒక పేరు మాత్రం మధ్యాహ్నం నుంచి పచ్చగానే ఉందని. చివర్లో ఒక ముక్క: చూసొస్తాను.

నివేదిత వెంటనే జవాబు పెట్టింది.

లోపలికి దిగకండి, తోడు తీసుకెళ్ళండి అని రాసింది. దాని కింద ఇంకో వరస రాసింది.

ఎప్పుడొస్తారు?

పంపి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా కూర్చుంది. లోపల్నుంచి రఘు దగ్గు వినబడింది. వెంటనే, అది దగ్గేనా కాదా అని తేల్చుకోవడానికన్నట్టు, వరదరాజన్ కొడుకుని పేరు పెట్టి పిలిచాడు. రఘు పలికాడు. కాసేపాగి ఆయన మళ్ళీ పిలిచాడు.

చిన్నమనూరు నుంచి ఇంకా జవాబు రాలేదు.