సూర్యుడు బావిలోకి దిగిన పూట

నా కోతలకు కుందుర్పి చుట్టుపక్కల పెద్ద పేరుండేది. అందుకే అరవై మూడులో ఎండాకాలం సుంకమ్మను పెండ్లికి అడగబోతే, వాళ్ళ నాయన గంగులప్ప పకపకా నవ్వాడు.

“నీ నోట ఒక్క నిజం రానీప్పా, పిల్లనిస్తా.”

“రేపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు మీ బావి అడుక్కు దిగుతాడు మామా.”

“చూడండప్పా, పిల్లనడగను వచ్చి కూడా కోతలే కోస్తాండాడు!”

ఆ చేదబావి బాగా లోతు. అడుగు ఎప్పుడూ చీకటే. అయితే నేను గొర్రెలు కాస్తూ రోజూ మధ్యాహ్నం కర్ర నిలబెట్టి నీడ చూసేవాణ్ణి. భూమి ఒరిగి తిరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో సూర్యుడు రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతాడనీ, దారిలో సరిగ్గా మన నెత్తిమీదుగా దాటతాడనీ బడిలో అయ్యవారు చెప్పారు. నా కర్ర నీడ అప్పటికి గోరంతే మిగిలింది.

మరునాడు నన్ను ఎగతాళి చేయడానికి ఊరంతా బావి చుట్టూ చేరింది. మధ్యాహ్నానికి కర్ర నీడ మాయమైంది. బావి అడుగు భగ్గున వెలిగింది. నీళ్ళలో సూర్యుడు, ఆ పక్కనే ఎప్పుడో జారిపడ్డ ఇత్తడి చెంబు!

“మే సుంకీ, అది మీయమ్మ చెంబే కదా!” అని గంగులప్ప అరిచాడు.

“చెంబు తర్వాత తీద్దువులే నాయనా, ముందు మాట నిలబెట్టుకో,” అంది సుంకమ్మ.

ఆ నెలలోనే మా పెండ్లి. మళ్ళీ నిజం చెప్పాల్సిన అవసరం నాకింతవరకూ రాలేదు.