ఒక రోజు వెనక్కి

అన్ని ప్లగిన్లూ ఆపేశాను, మసీదు సైటు ఇంకా తెల్లగానే ఉంది, తెల్ల పేజీ, మధ్యలో ఈ వెబ్‌సైట్‌లో తీవ్రమైన లోపం ఏర్పడింది అనే ఒక్క వాక్యం, అన్నీ ఆపినా అదే వాక్యం అంటే తప్పు ప్లగిన్లలో లేదు, కాని పొద్దున నమాజు వేళల ప్లగిన్‌ను అప్‌డేట్ చేసేదాకా సైటు నడిచింది, చేసిన మరుక్షణం ఆగింది, మరి తప్పు అందులో కాక ఎక్కడుంటుంది, ప్లగిన్ అంటే ఏంది బేటీ అని మునవ్వర్ సాబ్ అడిగాడు, మసీదు కమిటీ సెక్రటరీ, పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు, కుట్టు మిషనుకు తగిలించే మోటారు లాంటిది సాబ్, మిషను మనది, మోటారు ఎవరో చేసి ఇస్తారు అన్నాను, అయితే మోటారు పీకెయ్, కాలుతోని తొక్కు అన్నాడు, నవ్వలేదు, నేనూ నవ్వలేదు, ఎందుకంటే ఇవాళ షాబాన్ నెల ఇరవై తొమ్మిది, సాయంత్రం చాంద్, నెలవంక, కనిపిస్తే రేపే రంజాన్ మొదటి రోజా, తెల్లారకముందు సెహరీ ఎప్పటిదాకా, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ ఎప్పుడు అని ఆత్మకూరే కాదు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు కూడా ఈ సైటే చూస్తారు, నాగర్‌కర్నూల్ నుంచి ఇప్పటికే ఒకాయన అడిగాడు, ఏమమ్మా మా ఊరి టైము మాయమైంది, మేమేం తప్పు చేసినం అని, సాయంత్రం అసర్ నమాజు తర్వాత కమిటీ కూర్చుంటుంది, అప్పటికి సైటు లేవకపోతే హైదరాబాద్ వాళ్లకు ఇచ్చేస్తం బేటీ, ఏమనుకోకు అని మునవ్వర్ సాబ్ చివరిసారి చెప్పాడు, ఏమనుకోకు అన్నప్పుడే మనిషి నిర్ణయం అయిపోయినట్టు, ఈ సైటు చూసి విత్తనాల దుకాణం వాళ్లు నాకు పని ఇచ్చారు, ఇది చూసి బడి వాళ్లు ఇచ్చారు, తేదీ ఒక్కసారి కూడా తప్పని సైటు మాది అని అందరికీ చెప్పుకున్నాను, ఇది పోతే అవీ ఒకటొకటిగా పోతాయి, తర్వాత ఈ దుకాణంలో జిరాక్సు మిషను ఒక్కటే మిగులుతుంది.

పాత వెర్షన్ పెట్టి చూద్దాం, అప్‌డేట్‌కు ముందుది, దించుకుంటున్నాను, నెట్టు నెమ్మదిగా ఉంది, గుమ్మంలో హన్మమ్మక్క నిలబడింది, మసీదు మూల మీద పండ్ల బండి ఆమెది, ఏం బిడ్డా రేపు రోజానా ఎల్లుండా జెప్పు, వీపనగండ్ల కెళ్లి గెలల బండి వచ్చి నిలబడ్డది, దించుకోవాల్నా వద్దా, చాంద్ కనిపియ్యాలె అక్కా, పొద్దుగూకేదాక ఎవ్వరికీ తెల్వదు, ఎవ్వరికి తెల్వకుంటే తెల్వకపాయె, నీ కంప్యూటర్‌కు తెల్వదా, మా కోడలు ఫోన్ల అదే చూస్తది, అది చచ్చిందట గద, చావలే అక్కా, ఆగింది, ఆగనీ, నీది ఆగుతది, నా అరటిపండు ఆగుతదా, ఇయ్యాల పచ్చిది రేపటికి పండుతది, ఎల్లుండికి మచ్చలొస్తయి, మచ్చల పండు మీవోళ్లు ముట్టరు, నేను ఇంటిల్లిపాదికి పెట్టుకోవాలె, సగం దించుకో అన్నాను, సగం దించుకుంటే ఆ బండోడు నన్ను సగమే బతకనిస్తడు అని గొణుగుతూ పోయింది, ఈలోపు పాత వెర్షన్ దిగింది, ఎక్కించాను, ఆపిన ప్లగిన్లన్నీ మళ్లీ ఆన్ చేశాను, పేజీ తెరిచాను, తెలుపు.

పాతది పెట్టినా తెలుపే, ఇది కుదరని మాట, నిన్నటిదాకా నడిచింది ఈ వెర్షనే కదా, నిన్నటిదీ ఇవాళ దించుకున్నదీ ఒకటే అయితే నిన్న నడిచి ఇవాళ నడవకపోవడం ఉండదు, అంటే రెండూ ఒకటి కాదు, నిన్న ఉన్నదానిలో ఇంకేదో ఉంది, సర్వర్ రాసుకునే లోపాల ఫైలు తెరిచాను, ముందే తెరవాల్సింది, ఇంగ్లీషులో ఒకే లైను మళ్లీ మళ్లీ, సైటు పైభాగం గీసే ఫైలు చాంద్_ఆత్మకూర్ అనే పేరుగల కోడును పిలుస్తోంది, ఆ పేరుతో ఏ కోడూ లేదు, పిలిచినవాడు పలకకపోతే సైటు అక్కడే కూలబడుతుంది, చాంద్ ఆత్మకూర్, ప్లగిన్ చేసిన కంపెనీ వాళ్లకు ఆత్మకూరు ఎక్కడుందో తెలుసా, ఇది ఇక్కడివాళ్లు పెట్టిన పేరు, నేను పెట్టలేదు, ఈ సైటు మీద పనిచేసింది ఇద్దరం, నేను, దావూద్.

దావూద్ నా తమ్ముడు, ఈ కోడు రాసినప్పుడు నేను గిరాకీ చూసుకునేదాన్ని, లోపలి పని వాడిది, తర్వాత గద్వాలలో మొబైల్ రిపేరు బాగా నడుస్తది ఆపా, ఈడ మూసేద్దాం, ఇద్దరం పోదాం అన్నాడు, మా అబ్బా పెట్టిన దుకాణం నేను మూయను అన్నాను, నువ్వు దుకాణం జూస్తవు, నేను కడుపు జూస్తున్న అన్నాడు, ఆ మాట మీద లేచి పోయాడు, బోర్డు మీద ఫరీదా దావూద్ కంప్యూటర్స్ అని ఉండేది, పెయింటర్ పెంటయ్యను పిలిచి వాడి పేరు మీద రంగు కొట్టించాను, పెంటయ్య ఒక్క కోటే వేశాడు, ఎండ పడితే దావూద్ అనే అక్షరాలు కింది నుంచి కనబడతాయి, పండగకు అమ్మీ దగ్గరికి వస్తాడు, నేను దుకాణంలో ఉండే వేళ చూసుకుని వస్తాడు, సేమ్యా తిన్న గిన్నె మాత్రం నాకు కనిపిస్తుంది, సైటు లోపలికి వెళ్లగలిగే వాళ్ల పట్టిక తెరిచాను, అక్కడ వాడి పేరు ఉంది, బోర్డు మీద తీయించాను, ఇక్కడ తీయడం మరిచాను, పేరు పక్కన చివరగా వచ్చిన రోజు, పోయిన నెలాఖరు సాయంత్రం, పొద్దుగూకిన మగ్రిబ్ నమాజు దాటాక.

రెండు రంజాన్ల నుంచి నాతో మాట్లాడనివాడు పోయిన నెల నా సైటులోకి ఎందుకు వచ్చాడు, వచ్చి ఏం పీకాడు, ఏం పెట్టాడు, గద్వాలలో వాడూ సైట్లు చేస్తున్నాడని ఎవరో అన్నారు, హైదరాబాద్ వాళ్లని మునవ్వర్ సాబ్ అంటున్నది హైదరాబాద్ వాళ్లనేనా, వీడినా, పేరు పక్కనున్న డబ్బాలో టిక్కు పెట్టాను, కింద తొలగించు అనే బటన్ వెలిగింది, నొక్కితే పోతాడు, కాని పోయిన కోడు వాడితోనే పోతుంది, దాని నకలు నా దగ్గర లేదు, ముందు అడగాలి, తర్వాత నొక్కాలి, ఫోన్‌లో వాడి నంబరు ఇంకా మున్నా అనే ఉంది, ఇంట్లో పిలిచే పేరు, రెండో రింగుకే ఎత్తాడు, ఆపా, అమ్మీ మంచిగున్నదా అన్నాడు, భయపడ్డాడు, నేను ఫోన్ చేస్తే దవాఖాన ముచ్చటే అయి ఉంటుందనుకున్నాడు, అమ్మీ మంచిగనే ఉంది, నువ్వు నా సైటుల లాగిన్ అయినవా లేదా అది చెప్పు, అయిన, పోయిన నెలనేనా, పోయిన నెల అయిన, ఆ ముందు నెల గూడ అయిన, ప్రతి నెల అయిత, ఎందుకు, ఎందుకేంది ఆపా, చాంద్ కోసం.

వాడు చెబుతున్నాడు, వెనక ఎవరిదో ఫోను రింగుటోన్ మార్చి మార్చి మోగుతోంది, నేను వింటున్నాను, ప్లగిన్ తేదీని సౌదీ లెక్కన చూపెడ్తది ఆపా, మనకు ఒక్కో నెల ఒక రోజు వెనక వస్తది, ఒక్కో నెల సమానం వస్తది, అది ఏ మిషనుకు తెల్వదు, అందుకే దాని ఫైలులోనే చిన్న ముక్క రాసిన, చాంద్ ఆత్మకూర్ అని, దాని లోపల ఒక నంబరు ఉంటది, సున్న పెడితే వాళ్ల తేదీ, తీసివేత ఒకటి పెడితే ఒక రోజు వెనక్కి, ఇరవై తొమ్మిదిన మగ్రిబ్ చదివి మిద్దె ఎక్కి చూస్త, కనపడకపోతే హైదరాబాద్ చాంద్ కమిటీ రేపా ఎల్లుండా అని ఎలాన్ చేసేదాక ఆగుత, అప్పుడు నంబరు పెడ్త, నువ్వు అప్‌డేట్ నొక్కినవా, నొక్కిన, అయితే పాయె, కొత్త ఫైలు వచ్చి నా ముక్కను తుడిచేసింది, పాతది దించుకున్నా దొరకది, కంపెనీ పాతదాంట్ల గూడ నా ముక్క ఉండది గద, పరేషాన్ కాకు, నాలుగు లైన్లే, చెప్త రాసుకో, ఈసారి ప్లగిన్ ఫైలుల పెట్టకు, మన సైటు సొంత ఫైలుల పెట్టు, అప్పుడు నాకు గంత తెల్వకుండె, దానిలోనే పెట్టిన, చెప్పాడు, కొట్టాను, బ్రాకెట్ మూసినవా, మూసిన, చివర సెమీకోలన్, పెట్టిన, పెట్టలేదు, అప్పుడు పెట్టాను, సేవ్ చేసి పేజీ తెరిచాను, ఆకుపచ్చ గీత వచ్చింది, దాని కింద ఆత్మకూరు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, వేళలు, తేదీ, వచ్చిందా ఆపా, వచ్చింది.

ఫోన్ పెట్టలేదు, వాడూ పెట్టలేదు, ఇన్ని నెలలు నాకు చెప్పకుండ ఎందుకు పెట్టినవ్ అని అడిగాను, గట్టిగా అడగాలనుకున్నాను, మామూలుగానే వచ్చింది, నువ్వు నా పాస్‌వర్డ్ తీసెయ్యలే గద, బోర్డు మీద తీసినవు, ఈడ ఉంచినవు, ఈ పని నాకే విడిచిపెట్టినవనుకున్న, మరిచిపోయాను అనే మాట నోటిదాకా వచ్చింది, అక్కడే ఆపాను, తెరమీద వాడి పేరు పక్కన టిక్కు ఇంకా ఉంది, తీశాను, తొలగించు అనే బటన్ మసకబారింది, ఇయ్యాల నంబరు నువ్వు పెడ్తవా నన్ను పెట్టమంటవా అన్నాడు, గద్వాల దిక్కు మబ్బు ఉన్నదా, జర ఉన్నది, అయితే నువ్వు ఆడ చూడు, నేను ఈడ చూస్త, ఎవ్వరికి కనపడితే వాళ్లు ఇంకొకరికి ఫోన్ జేద్దాం, నంబరు నువ్వే పెట్టు, నాకింకా చెయ్యి తిరగలే, వచ్చే నెల నేను పెడ్త, సరే ఆపా, ఫోన్ చెయ్యి మరి, మెసేజ్ పెట్టకు, నేను చూడను అని ఫోన్ పెట్టేశాడు.

అసర్ అజాన్ అయింది, మునవ్వర్ సాబ్‌కు చెప్పాను, సైటు లేచింది సాబ్, మోటారు పీకినవా అన్నాడు, పీకలేదు సాబ్ అన్నాను, షుక్రియా బేటీ, కమిటీకి చెప్త అన్నాడు, హన్మమ్మక్క గెలలన్నీ దించుకుంది, బండి కింద చాపేసి వరసగా పెట్టింది, నన్ను చూసి, ఏంది, జెప్పిందా నీ మిషను అని అరిచింది, చెప్పలేదక్కా, పైకి పోయి చూస్త, అప్పుడు చెప్త అన్నాను, చూడు, మంచిగ చూడు, నా పండ్లన్నీ నీ కండ్ల మీదనే ఉన్నయి అంది, పొద్దుగూకింది, మిద్దె మెట్లు ఎక్కుతున్నాను, తేదీ ఒక్కసారి కూడా తప్పని సైటు అని విత్తనాల దుకాణంలో చెప్పాను, బడిలో చెప్పాను, మునవ్వర్ సాబ్‌కు ఎన్నిసార్లు చెప్పానో, అది మిషను గొప్ప అనుకుని చెప్పాను, నిజానికి మిషను లెక్క సగం నెలలు తప్పుతూనే ఉంది, ఆ ఒక్క చోట దానికి ఎన్నడూ మోటారు లేదు, గద్వాలలో ఒకడు నెలనెలా మిద్దె ఎక్కి దాన్ని కాలుతో తొక్కుతూ వచ్చాడు.