భ్రమరాంబత్త ఎదురొస్తోంది

శుక్రవారం పొద్దున్నే హిమజకు ఎదురు రావడానికి భ్రమరాంబత్త వీధి చివరి నుంచి బయలుదేరుతుంది. మధ్యాహ్నమైనా చేరదు.

అలాగని ఎక్కడా ఆగదు. చంకన నిండు బిందెతో మామూలు నడకే నడుస్తుంది. వీధి చివరికీ ఇంటికీ మధ్య ఉన్నవి కొద్దిపాటి ఇళ్ళే. కానీ ఆమె ఒక ఇల్లు దాటగానే, దాటిన ఇల్లు మర్యాదగా లేచి వెళ్ళి మళ్ళీ ఆమె ముందు కూర్చుంటుంది.

హిమజ భుజాన బ్యాగుతో గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. ఇస్త్రీ చుడీదార్ నలుగుతుందని పొద్దుట్నుంచీ కూర్చోలేదు.

బెంగళూరు బండికి వేళవుతోంది. అక్కడి పరిశోధన సంస్థలో శనివారం ల్యాబులు చూపిస్తారు, ఆదివారం మధ్యాహ్నం దాకా ఇంటర్వ్యూలు చేస్తారు. కీచురాళ్ళ మీద పనిచేసే ల్యాబు హిమజకు తెలిసినంతలో అదొక్కటే. అందులో ఉన్నది ఒక్క పిహెచ్‌డి సీటు. రెండేళ్ళుగా వెళ్తోంది, ఉత్త చేతులతో వస్తోంది. ఈసారీ రాకపోతే జూన్ నుంచి ఏలూరులో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ బిట్లు చెప్పుకోవాలి. చేరతానని మాట కూడా ఇచ్చేసింది.

రెండుసార్లూ సీటు రాకపోవడానికి కారణం తను ఊళ్ళో లేకపోవడమేనని భ్రమరాంబత్త నమ్మకం. కారణం ఒక ప్రశ్న అని హిమజకు తెలుసు. "అసలు ఈ పరిశోధన ఎందుకు చెయ్యాలనుకుంటున్నారు?" అని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఎన్ని జవాబులు బట్టీపట్టినా ఆ గదిలోకి అడుగు పెట్టగానే అవి తలుపు బయటే ఉండిపోతాయి.

హిమజ తల్లి పోయాక పెంచింది ఈ మేనత్తే. తణుకులో ఆ వీధి మొత్తానికీ మంచి ఎదురు అంటే ఆమే. పరీక్షకు వెళ్ళేవాళ్ళు, కోర్టు వాయిదాకు వెళ్ళేవాళ్ళు ఆమె కనిపించాకే గడప దిగుతారు. మావయ్య పోయిన ఏడు ఆమె ఎదురు పనికిరాదని వీధి తేల్చేసింది. ఆ ఏడు వీధిలో ఒక్కరికి కూడా డ్రైవింగ్ లైసెన్సు రాలేదు. తర్వాత ఒక్కొక్కరే దొడ్డిదారిన వచ్చి, ఆమె చేతికి ఏ మునక్కాయలో ఇచ్చి, "రేపు మావాడికి కాస్త ఎదురు రా భ్రమరాంబా" అని గొణిగి వెళ్ళారు. ఆమె దెప్పలేదు. మునక్కాయలు పులుసు పెట్టుకుంది, పొద్దున్నే బిందె నింపుకుని బయలుదేరింది.

"అత్తా, బండెళ్ళిపోద్ది! కాస్త గబగబా రా!" హిమజ కేక పెడుతుంది.

"పరిగెత్తితే దాన్ని ఎదురంటారటే? తరుముడంటారు," అత్త గొంతు వీధంతా వినిపిస్తుంది. "నువ్వూ నడుస్తూ ఉండు. దార్లో కలుసుకుందాం!"

హిమజ గడప దిగి ఆమె వైపు నడుస్తుంది. వీధి కూడా వాళ్ళతోపాటే కదులుతుంది. మార్కెట్టు దాటుతుంది, కాలవ వంతెన ఎక్కి దిగుతుంది, స్టేషన్లో ప్లాట్‌ఫారంగా మారి ఆగుతుంది. బండి సిద్ధంగా ఉంది. హిమజ ఎక్కుతుంది. పెట్టె అటు చివర తలుపులోంచి, చంకన బిందెతో, అత్త ఎక్కుతుంది.

బండి బెంగళూరు వైపు పోతుంటుంది. అత్త తణుకు వైపు నడుస్తూ వస్తుంటుంది. ఆమె ఒక వరస దాటినప్పుడల్లా పెట్టెలో ఒక వరస సీట్లు పెరుగుతాయి. ప్రయాణికులకు ఇది నచ్చుతుంది. నిలబడ్డవాళ్ళంతా కూర్చుంటారు.

టీసీ వస్తాడు. హిమజ టికెట్టు చూపించబోతే వద్దంటాడు.

"ఎదురు రానిదే ప్రయాణం మొదలైనట్టు కాదు కదమ్మా. మొదలవని ప్రయాణానికి టికెట్టెందుకు?"

"మరి నేను బెంగళూరు చేరినట్టా, కాదా?"

"మనిషి చేరతారు. లెక్కలోకి రాదు. ఎదురు వచ్చేదాకా మీరింకా ప్రిపరేషన్లోనే ఉన్నట్టు," అని, టీసీ టోపీ సర్దుకుని అత్త వైపు తిరిగి చేతులు జోడిస్తాడు. "అమ్మా, రేపు మావాడికి పెళ్ళి మాటలకి వెళ్తున్నాం. ఓపాలి నాకు ఎదురు వస్తారా?"

భ్రమరాంబత్త నాలుగంగల్లో అతని ముందుంటుంది.

అతను బిందెను తాకి కళ్ళకద్దుకుని వెళ్ళిపోతాడు. వెంటనే ఆమె మళ్ళీ పెట్టె అటు చివరకు చేరి, హిమజ వైపు నడవడం మొదలుపెడుతుంది. హిమజ నోరు తెరిచి చూస్తుంది. అత్త నడక పాడవలేదు. దారి కూడా పాడవలేదు. తన దగ్గరికే ఆమె రావడం లేదు.

శనివారం సంస్థలో అందరూ బాగా చూసుకుంటారు. ఇడ్లీ పెడతారు, మెడలో పేరున్న కార్డు వేస్తారు. హిమజ కార్డు మీద పేరు లేదు. ప్రయాణం మొదలయ్యాక అచ్చవుతుందని కౌంటర్లో అమ్మాయి చెబుతుంది. కీచురాళ్ళ ల్యాబు పెద్ద, ప్రొఫెసర్ నళినీ కామత్, అభ్యర్థులకు అన్నీ తిప్పి చూపిస్తుంది. ఆమెకు తెలుగు రాదు, కానీ ఆ వారాంతం తెలుగే మాట్లాడుతుంది.

"వరండా చివర ఎవరో వస్తున్నారు," అంటుంది కామత్.

"మా అత్తండీ. నాకు ఎదురొస్తోంది."

"ఇంకా చేరలేదా?"

"దగ్గర్లోనే ఉందండీ."

కామత్ తలూపుతుంది. "త్వరగా కానివ్వండి. రేపు పన్నెండు తర్వాత ప్యానెల్ ఉండదు. ఎదురు లేకుండా మీరు చెప్పింది మేము వినగలం కానీ, మార్కులు వెయ్యలేం."

ఆ మాట పక్కనున్న రుబీనా చెవిన పడుతుంది. రుబీనాది నంద్యాల, ఆ సీటుకే వచ్చింది. మనిషి మాత్రం వచ్చినప్పట్నుంచీ హిమజకు తన బ్యాగులోని బొరుగులు పెడుతూనే ఉంది.

"ఏం మే, మీ అత్తది అంత మంచి ఎదురా?"

"తప్పిన రోజు లేదు."

రుబీనా వరండా వైపు తిరిగి చెయ్యి ఊపుతుంది. "అత్తా! నాకు గూడా రొంత రావా?"

భ్రమరాంబత్త గబుక్కున వచ్చేస్తుంది. "నీ నవ్వు బాగుందే అమ్మాయ్, నీకొస్తుంది సీటు," అని రుబీనా బుగ్గ పుణికి, మళ్ళీ చివరికి వెళ్ళిపోతుంది.

సాయంత్రానికి అభ్యర్థులందరూ వరస కడతారు. నాగపూర్ కుర్రాడికి ఎదురు వస్తుంది. కొచ్చిన్ అమ్మాయికి వస్తుంది. విందు దగ్గర వంటవాడు అన్నం గిన్నె దించుతూ అడుగుతాడు, అతనికీ వస్తుంది. అందరి కార్డుల మీదా పేర్లు మరింత నల్లగా మెరుస్తాయి. హిమజ ఖాళీ కార్డు పట్టుకుని, తన అదృష్టాన్ని తన అత్తే గరిటెతో ఊరందరికీ వడ్డిస్తుంటే చూస్తూ, జవాబులు వల్లె వేసుకుంటుంది.

ఆదివారం ఉదయం ఆమెకు ఓపిక నశిస్తుంది.

వరండాకు ఇటు చివర ఇంటర్వ్యూ గది. అటు చివర అత్త. మిగిలిన వాళ్ళందరూ లోపలికి వెళ్ళి వచ్చేశారు. నవ్వుతూ వచ్చారు. లోపల ప్యానెల్ టీ తాగుతూ హిమజ కోసం చూస్తోంది. పన్నెండు కావస్తోంది.

"అందరికీ వచ్చావు! దారిన పోయేవాడికి వచ్చావు! నాకే రాలేదు!" హిమజ అరుస్తుంది.

"అడిగితే కాదనకూడదే. కాదంటే ఎదురు చచ్చిపోద్ది."

"నేనూ అడిగాను కదా! మూడ్రోజుల్నుంచి అడుగుతున్నా!"

హిమజ చెవులు రిక్కిస్తుంది. శబ్దాల వెంట తిరిగే పిల్ల కాబట్టి ఆమెకు వెంటనే తెలుస్తుంది. అత్త అడుగుల చప్పుడు లేదు. మూడు రోజుల్లో మొదటిసారి భ్రమరాంబత్త ఆగింది.

"అత్తా?"

"మోకాళ్ళే," అంటుంది అత్త, చిన్న గొంతుతో. "నేను రమ్మంటున్నా. అవి రానంటున్నాయి."

"నొప్పా?"

"నొప్పి కాదే, మొండితనం. నా ఎదురు తప్పదని వాటికి తెలుసు. నేను నిన్ను చేరానంటే నువ్వు ఐదేళ్ళు ఇక్కడే. నాకిష్టమేనే అమ్మడూ, ఒట్టు! వాటికే ఇష్టం లేదు. రాత్రంతా బతిమాలాను. చుట్టాల్లాగా మొహం తిప్పుకుంటున్నాయి."

లోపలి నుంచి కామత్ గొంతు వినిపిస్తుంది. "హిమజగారూ, లోపలికి రావచ్చు. లేదా వెనక్కి తిరగవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు."

బయలుదేరాక వెనక్కి తిరిగితే పని చెడుతుందని హిమజకు నేర్పింది ఆ అత్తే. చెప్పులు మరిచిపోయినా తిరగకూడదు. గొడుగు మరిచిపోతే తడవాలి.

హిమజ తలుపు వైపు చూస్తుంది. తర్వాత వెనక్కి తిరుగుతుంది.

తిరగగానే వరండా మామూలు వరండా అయిపోతుంది. పది పన్నెండు అడుగుల్లో ఆమె అత్త దగ్గరుంటుంది. బిందె అందుకుని తన చంకన పెట్టుకుంటుంది. మూడు రోజులు మోసిన బరువుకు అత్త భుజం ఒకవైపు వంగిపోయి ఉంది. హిమజ దాన్ని రెండో చేత్తో నిమిరి సర్దుతుంది.

"ఓసి పిచ్చిమొహమా, తిరిగేశావా? చెడగొట్టుకున్నావు కదే!"

"చెడితే చెడింది. పద, బయట గాలికి నడుద్దాం. నీ మోకాళ్ళకి ఏం కావాలో అడుగుదాం."

ఇద్దరూ పక్కపక్కన వరండా దాటి, మెట్లు దిగి, తోటలోకి నడుస్తారు. వెనకే ఏదో ఈడుస్తున్న చప్పుడవుతుంది. ప్యానెల్ వాళ్ళు కుర్చీలు ఈడ్చుకుంటూ, టీ కప్పులు ఒలక్కుండా పట్టుకుని వస్తున్నారు. పన్నెండు ఇంకా కాలేదు కాబట్టి రావడం వాళ్ళ ధర్మం. అత్త అడుగుల మీదే చెవులు పెట్టిన హిమజ వాళ్ళు వస్తున్నట్టు గమనించదు.

"ఒక్క మాట అడుగుతా, కోప్పడకు," అంటుంది అత్త. "ఆ పురుగుల్ని పట్టుకుని అసలెందుకే నీకీ అవస్థ? ఈ మోకాళ్ళే అడగమంటున్నాయి."

హిమజకు వల్లె వేసిన జవాబులు ఒక్కటీ గుర్తుకు రావు. అత్తతో వాటి అవసరమూ లేదు.

"చిన్నప్పుడు కరెంటు పోయేది చూడు. నువ్వు ఎక్కణ్ణుంచో 'అమ్మడూ' అని పిలిచేదానివి. మన పాత ఇంట్లో గోడ గోడకీ నీ గొంతు తగిలి తిరిగొచ్చేది. వంటింట్లోనూ నువ్వే, వసారాలోనూ నువ్వే, పెరట్లోనూ నువ్వే. కళ్ళు కనపడేవి కాదు. నేను మాత్రం తిన్నగా వచ్చి నీ చీర పట్టుకునేదాన్ని. ఒక్కసారి కూడా గోడకి గుద్దుకోలేదు."

"అవునే. గుద్దుకోలేదు."

"ఎలా వచ్చేదాన్నో నాకిప్పటికీ తెలీదత్తా. ఆడ కీచురాయి అలాగే నడుస్తుంది, పాట వినిపించిన వైపుకి. చుట్టూ రాళ్ళూ గోడలూ అదే పాట పాడుతుంటాయి. అది మాత్రం పాడుతున్న వాడి దగ్గరికే పోతుంది. ఏది గోడో, ఏది మనిషో దానికెలా తెలుస్తోంది? నాకది తెలియాలి. తెలియకపోతే నాకు అన్నం సయించదు. అంతే."

అత్త ముక్కు ఎగబీలుస్తుంది. కిందికి చూసి, చీర మీంచి తన మోకాళ్ళను ఒక్కో దెబ్బ కొడుతుంది. "విన్నారా? ఇంకేమైనా అంటారా?"

మోకాళ్ళు ఏమీ అనవు. అక్కణ్ణుంచి నడక తేలికవుతుంది.

వెనక నుంచి కామత్ గొంతు సవరించుకుంటుంది. "మేమూ విన్నాం. ఈ జవాబుకే సీటు ఇవ్వాలని ఉంది. కానీ మీరింకా ప్రిపరేషన్లోనే ఉన్నారు. ప్రయాణం మొదలవందే మేము రాసుకోలేం. మీకు ఎదురు ఎవరు?"

హిమజ అత్త వైపు చూస్తుంది. అత్త అడ్డంగా తలూపుతుంది. "పక్కన నడిచేది ఎదురు కాదే. నేనింక పనికిరాను." చుట్టూ చూస్తుంది. ప్యానెల్ వెనకే వచ్చిన రుబీనా నాలుగడుగులు ముందుకొస్తుంది, కానీ ఆమె పోటీదారు, నిబంధన ఒప్పుకోదు. టీ కప్పుల్లో ఆవిరి తగ్గిపోతుంది. పన్నెండు కొట్టడానికి గడియారం ఊపిరి పీలుస్తుంది.

అప్పుడు నేల కొద్దిగా అదురుతుంది.

వాళ్ళు వదిలి వచ్చిన సంస్థ భవనం లేచి నిలబడుతోంది. పునాదుల మట్టి దులుపుకుంటుంది. ముందున్న మెట్లను చీర కుచ్చిళ్ళలా ఎడంచేత్తో కాస్త ఎత్తి పట్టుకుంటుంది. డాబా మీది నీళ్ళ ట్యాంకును జాగ్రత్తగా దించి చంకన పెట్టుకుంటుంది. తోటను చుట్టి, గేటు దాటి, రోడ్డు మలుపు దగ్గరికి పోయి, ఇటు తిరుగుతుంది. తిరిగి హిమజకు ఎదురుగా నడిచి వస్తుంది. దానికి ఇది మొదటిసారి. కంగారులో అడుగు పెద్దది పడి, కిటికీలన్నీ గలగలలాడతాయి.

"మెల్లిగా తల్లీ, మెల్లిగా," భ్రమరాంబత్త చెయ్యెత్తి చెబుతుంది. "పరిగెత్తకూడదు. నీళ్ళు తొణక్కూడదు. ఆఁ, అలా."

భవనం సిగ్గుపడి అడుగు చిన్నది చేస్తుంది. పై అంతస్తులో, గుండె ఉండాల్సిన చోట, కీచురాళ్ళన్నీ ఒకేసారి పాట అందుకుంటాయి. ఆ పాట చెట్లకూ గోడలకూ తగిలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. హిమజ కళ్ళు మూసుకుని, కుడికాలు ముందు పెట్టి, తిన్నగా దాని వైపు నడుస్తుంది.