ఏడోసారి పాడిన పాట

ల్యాబ్‌లో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆమె పని. "పళ్ళ వ్యాపారమా? ఏం పళ్ళమ్ముతారు?" అని ఎవరైనా అడిగితే, "అమ్మను, నోట్లో పెడతాను" అని నవ్వేస్తుంది.

ఎర్ర మైనంతో చిగుళ్ళు మలిచి, అందులో ఒక్కో పన్నూ నిలబెట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళు ముద్ద నమలలేరు. చేతులకు పని, చెవులకు పాట, ఇరవై ఏళ్ళుగా అదే అలవాటు. ఈమధ్య ఆ పాటతోనే తంటా వచ్చిపడింది. ఫోన్లో పాట పెడితే మధ్యలో ఆడపడుచు మెసేజ్, ఎవరూ అడగని ఆఫర్. పాట అయిపోగానే ఫోను తనకు తోచింది అందుకుంటుంది. ఓరోజు ముందు పళ్ళు రెండూ నిలబెడుతుంటే అది బల్లమీద గుర్రుమంది. చెయ్యి అదిరి, పొద్దుటి నుంచీ మలిచిన చిగురు కాస్తా కత్తిమొనకు చీలిపోయింది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుంది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు.

"సైలెంట్‌లో పెట్టుకోవచ్చుగా?"

"పెట్టినా కళ్ళు అటే పోతాయండీ."

ఆయన అల్మారా అడుగున వెతికి అగ్గిపెట్టెంత ప్లేయరొకటి తీసిచ్చాడు. "పెళ్ళికి ముందుది. పాటలు పాడటం తప్ప దీనికింకేం చేతకాదు."

"నాక్కావలసిందీ అదే."

మర్నాటి నుంచి ఫోను సంచిలోనే ఉండిపోయింది. ప్లేయరేమో జేబులో. వేళ్ళకు ప్లాస్టర్ పొడి అంటుకున్నా సరే, చూడకుండానే మీట నొక్కొచ్చు. పాటకూ పాటకూ మధ్య చిన్న నిశ్శబ్దం. ఆ కాస్త వ్యవధిలో విన్న పాట లోపలికి ఇంకుతున్నట్టుండేది. ఫోన్లో ఎన్ని లక్షల పాటలున్నా, ఒకటి వింటూ ఇంకోదాని కోసం వేలు తహతహలాడేది. ఇందులో ఉన్నవే ఉన్నాయి. ఆ ధైర్యమే వేరు.

నాలుగో రోజు పాటలన్నీ అయిపోయాక, వాయిద్యాలేవీ లేకుండా ఒక కుర్ర గొంతు పాడటం మొదలుపెట్టింది. సగంలో ఆగి, "ఛ! మళ్ళీ" అంది. మళ్ళీ అదే పాట. పళ్ళక్క చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ "ఛ" ఆమెకు బాగా తెలుసు. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన కూనిరాగమైనా తీయగా వినలేదు!

పదకొండుసార్లు పాడాడు. వారమంతా అవే వింది. ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ మెల్లగా అంది, "ఏడోసారి పాడింది బాగుందండీ."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. "ఏడోదా? అందులో దగ్గాను కదే."

"దగ్గితే దగ్గారు."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. "ఏదో పోటీకి పంపుదామనుకున్నాను. ఒక్కటీ కుదరలేదు. ఈలోగా గడువు దాటిపోయింది."

"కుదరలేదని ఎవరన్నారు?"

"ఎవరంటారు? ఎవరికీ వినిపించందే."

ఆమె ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి, రెండోది తను పెట్టుకుంది. ఇద్దరూ ఏడోది విన్నారు. దగ్గొచ్చిన చోట ఆయన ముఖం చిట్లించుకున్నాడు, కానీ ఆపమనలేదు. "ఇప్పుడోసారి పాడండి" అంటే మాత్రం చేతులు అడ్డంగా ఊపాడు. "ఇప్పుడా? గొంతు లిఫ్టు మోటారైపోయింది."

అయినా ఆ రోజు నుంచి పొద్దున్నే, "ఇవాళేం వింటున్నావ్?" అని అడగడం మొదలుపెట్టాడు. తనకు నచ్చినవి నాలుగు పాటలు ఎక్కిస్తానన్నాడు. చూస్తే ప్లేయర్‌లో చోటు లేదు. ఏది తీయాలి, ఏది ఉంచాలి అని ఇద్దరూ గంటసేపు తగువులాడుకున్నారు. పాటల కోసం వాళ్ళు పోట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి, ఆయన తన పదకొండింటిలో ఏడోది మాత్రం ఉంచి మిగతావన్నీ చెరిపేశాడు.

"అయ్యో, ఐదోది ఎందుకు తీసేశారూ?"

"దాన్లో ఏముంది? శ్రుతే కలవలేదు."

"అందులో మీరు నవ్వారండీ."

పదకొండింటిలో ఏ తప్పు ఎక్కడ దొర్లిందో చెప్పగల మనిషికి ఆ నవ్వు గుర్తులేదు. చేతిలోని ప్లేయర్ కేసి చూశాడు. "ఎక్కడ నవ్వాను?"

ఆమె టీ గ్లాసులు పక్కన పెట్టి చరణం అందుకుంది. శ్రుతి, లయ ఏమీ చూసుకోకుండా పాడుకుంటూ వెళ్ళి, రెండో పాదం మధ్యలో ఆగింది.

"ఇక్కడ."