అయిదు రేకుల పువ్వు

"దీని సంగతేదో చూడమ్మా, రేపటికల్లా కావాలట," అంటూ సూపర్‌వైజరమ్మ చిరిగిన లేసు బల్లగుడ్డ ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి వెళ్ళింది. ఆరేళ్ళుగా ఆ లేసు దుకాణం వెనక గదిలో ఆమె పని అదే. ఎవరో వేసిన తప్పు కుట్లు విప్పడం, తెగినచోట మళ్ళీ అల్లడం, అసలు అక్కడ తన చెయ్యే పడనట్టు చెయ్యడం. బాగా చేస్తే ఎవరికీ కనిపించదు. ఇంట్లో చాకిరీ కూడా అంతే కాబట్టి ఆమెకి అదేమీ కొత్త కాదు.

కిటికీ దగ్గర గుడ్డ పరిచి చూసింది. అన్నీ ఆరు రేకుల పూలు. ప్రతి రేకు కొసా పక్క పువ్వుకి కలిపి ఉంది. మధ్యలో ఒక్కదానికి మాత్రం అయిదే రేకులు. ఆరో వైపు పట్టు లేక చిరుగు అక్కడే మొదలైంది. చూడగానే గుర్తుపట్టింది. ఆ పువ్వు తను అల్లిందే.

తొమ్మిదేళ్ళ కిందట, ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన మూడో రోజు. పుట్టిన పిల్ల ఏడవలేదు. ఆమెకి మత్తు వదిలేసరికే భర్త అంతా ముగించుకొచ్చాడు. "పాతిపెట్టేశాం. మొహం చూస్తే మరచిపోలేవు," అన్నాడు, అదేదో పుణ్యం కట్టుకున్నట్టు. అప్పట్లో ఆమె ఇదే దుకాణానికి ఇంటి దగ్గరే లేసు అల్లి ఇచ్చేది. అత్తగారు సూదీ దారపుండా తెచ్చి చేతిలో పెట్టింది. "ఒప్పుకున్న పని ఆగకూడదు. నీ ఒక్కదాని ఏడుపుకి ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకోవాలా?" పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతుంటే, ఒకటి, రెండు, మూడు అని కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లింది. లెక్క ఎక్కడ తప్పిందో తెలియనేలేదు. ఒక రేకు తగ్గిందని చూసుకునేసరికి చుట్టూ పూలు కలిపేసింది, అలాగే ఇచ్చేసింది. ఆ పిల్లకి పేరు లేదు, ఫొటో లేదు. దాని కోసం ఏడ్చిన గుర్తు ఈ భూమ్మీద ఈ పువ్వొక్కటే.

తప్పు పువ్వు తీసెయ్యడానికి ఒక పద్ధతుంది. దాని దారాన్నే నడుమ కత్తిరించి పోగులుగా లాగెయ్యాలి. చుట్టూ ఉన్నవాటికి ఏమీ కాకూడదు. ఆమె కత్తెర పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత చుట్టూ ఉన్న అయిదు మంచి పూల కొసలు ఒక్కొక్కటే కత్తిరించింది. అయిదు రేకుల పువ్వు చెక్కుచెదరకుండా అరచేతిలోకి వచ్చింది.

"ఇదేం పనమ్మా? ఒక్కటి తీయమంటే అయిదు పాడుచేశావా? కళ్ళు కనిపించట్లేదా?" అంది సూపర్‌వైజరమ్మ.

"చెయ్యి జారిందండీ. నేనే బాగుచేస్తాను."

తిట్లేవీ ఆమె చెవికెక్కలేదు. అన్నం మానేసి సాయంత్రం దాకా అన్నీ సరిచేసి, కొత్త పువ్వు అల్లి, కలిపింది.

ఇంటికొచ్చేసరికి భర్త టీవీ ముందున్నాడు. "కూర్చుని చేసే పనేగా, ఇంతసేపేంటి?" అన్నాడు. రోజూ ఆ మాటకి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇవాళ టీవీ కట్టేసి, పువ్వు అతని చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"మన పిల్ల పోయిన మూడోనాడు అల్లాను. దాన్ని ఎక్కడ పాతిపెట్టారో చెప్పండి. వెళ్ళి కాసేపు కూర్చుంటాను."

అతను పువ్వు వంక చూశాడు, నేల వంక చూశాడు. "ఇప్పుడవన్నీ ఎందుకే," అన్నాడు. ఆమె కదల్లేదు.

"పాతిపెట్టలేదు," అన్నాడు. "ఆస్పత్రి వాళ్ళే చూసుకుంటామన్నారు. సంతకం పెట్టి వచ్చేశాను."

  ఆమె అతని చేతిలోంచి పువ్వు మెల్లగా తీసుకుంది.

"అయితే రేపు నేను పాతిపెట్టుకుంటాను," అంది. "మీరు రానక్కర్లేదు."