చెప్పుముక్కల వల

నేను ఒక నైలాన్ వలను. ఎన్నేళ్లయినా కుళ్లని దారమని అంగడివాడు నన్ను తెగ పొగిడాడు. ఆ మాటకే మురిసిపోయి పోలన్న నన్ను కొన్నాడు. ఆయన భార్య నూకాలు తన పాత హవాయి చెప్పులు కోసి, ఆ ముక్కల్ని నా పైతాడుకు నీటిపై తేలే బెండ్లుగా కట్టింది.

మా ఏటికి ఎక్కడా ఆనకట్ట లేదు. తొలకరికి ఎర్రనీరు దిగగానే చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. ఆ రోజుల్లో మా పల్లెలో ఎవరూ వల తడపరు. "పురిటికెళ్లే ఆడకూతురికి దారి అడ్డుకుంటామేంటి?" అంటారు. మనుషుల మాటల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఎర్రనీరు కనబడగానే అందరూ వలలు తీసేశారు. "ఈ ఒక్క పూటా ఉండనీయే, తర్వాత తీసేత్తాను" అన్నాడు పోలన్న నూకాలుతో. ఆ పూటే వరద నా తాళ్లు తెంపి, నన్ను మడుగు అడుగున బండల మధ్య ఇరికించింది. కొట్టుకుపోయానని ఆయన అనుకున్నాడు. సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఊరంతా నిష్ఠగా గంజీ పచ్చడితో సరిపెట్టుకుంది. నీళ్ల కింద నేనొక్కదాన్నే వేట ఆపలేదు. బొచ్చెలు, వాలుగలు నిండు పొట్టలతో వచ్చి చిక్కుకున్నాయి. తినేవాళ్లు లేరు. అవి కుళ్లిపోయేవి, నేను కుళ్లలేదు. ఖాళీ అయిన చోట మళ్లీ కొత్తవి పడేవి. ఒక నీటికుక్క పిల్ల కూడా నాలోనే ఊపిరాడక చచ్చిపోయింది. దాని తల్లి నన్ను కొరికి కొరికి అలసిపోయి వెళ్లింది. చిరిగిపోతే బాగుండునని ఎంత ఏడ్చానో! సిగ్గుతో చచ్చిపోదామన్నా నాకు చావు లేదు.

వరద తగ్గాక పడవలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఎగువ ఊరివాళ్లు ఏట్లో చేపల్ని చంపే మందు కలిపారని అందరూ తిట్టారు. పోలన్న అందరికన్నా గట్టిగా తిట్టాడు. నీళ్లు ఇంకా తగ్గాక మడుగులో నేను బయటపడ్డాను. ముళ్లతో, ఎముకలతో సహా ఒడ్డుకు లాగారు. ఎవరి వలో అని చూస్తుంటే నూకాలు ముందుకొచ్చి ఒక చెప్పుముక్క పట్టుకుంది.

"ఇది నా కాలి చెప్పే. ఈ వల మాదే."

పోలన్న తలెత్తలేదు. ఊరిపెద్ద అప్పన్న అందరివైపూ తిరిగాడు. "వచ్చే తొలకరి దాటేదాకా మడుగు జోలికెవరూ ఎళ్లకండి. మిగిలినయ్యన్నా గుడ్లెట్టుకోనీండి" అన్నాడు.

ఇప్పుడు నేను నూకాలు పెరట్లో బీరపాదుకు పందిరిని. నిన్న ఒక పిచ్చుక కాలు నాలో చిక్కింది. ఆమె పరుగున వచ్చి, కత్తెరతో నా వలకన్ను ఒకటి తెంచి దాన్ని వదిలేసింది. మిగతా కన్నులు కూడా తెంచేస్తుందేమోనని ఆశపడ్డాను. బీరతీగ అప్పుడే అల్లుకుంటోందని ఆమె కత్తెర లోపల పెట్టేసింది.