నేలకీ బెంచీకీ మధ్య గోడ

1998 జూలై రెండో సోమవారం పొద్దున్న ఎనిమిది గంటలకి, చినపల్లంక బజారులో సుబ్బరాజుగారి సినిమా హాలు వరండాలోంచి కొబ్బరి వలుపు కూలీలను బయటికి నెట్టేశారు. బంగారమ్మ మెట్ల మీద పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది.

నెట్టినవాళ్లు కాంట్రాక్టరు మంగరాజు మనుషులు. వాళ్లకి గేటు తీసింది కృపానందం.

కృపానందం ఆ హాలు గేట్‌మెన్. ఆటలు ఆడినన్నాళ్లూ టికెట్లు చింపింది అతనే. తొంభయ్యారు తుపానుకి బాల్కనీ మీద రేకులు ఎగిరిపోయాయి, ఆటలు ఆగిపోయాయి. గోడలు మాత్రం నిలిచాయి. కూలీలుండే పేటలో తాటాకిళ్లు ఒక్కటీ మిగలకపోతే జనం ఆ హాల్లో తలదాచుకున్నారు. అక్కడే గంజి కాచుకున్నారు. స్థలం పంచాయతీది. సుబ్బరాజుగారు పోయాక, ఆ హాలు ఇకనుంచి ఊరందరిదీ అని సర్పంచి మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టి నమ్మారు. అప్పట్నుంచి వాన పడితే కూలీలు వరండాలో గునపాలు పాతుకుని కాయలు వలిచేవారు. మగ్గాల గుంటల్లోకి నీళ్లొస్తే నేతవాళ్లు నూలు తెచ్చి లోపల ఆరబెట్టేవారు. పేటలో పెళ్లయితే భోజనాలు అక్కడే.

ఇప్పుడు ఆ స్థలాన్ని పంచాయతీ మంగరాజుకి ఇచ్చింది. అతను లంకలో కొబ్బరి తోటలన్నీ వేలం పాటలో పాడుకుంటాడు, రోడ్లు వేస్తాడు. హాలు పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతానన్నాడు.

బంగారమ్మని రిక్షాలో ఎక్కించి తీసుకెళ్లాక మంగరాజు గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏరా కృపానందం, సైకిలు స్టాండు గదిలోనే కదా కాపరం?"

"ఆయ్."

"కాంప్లెక్సు లేచేక వాచ్‌మెన్‌వి నువ్వే. గదీ నీకే. గేటుకి తాళం వేసుకో. ఎవడొచ్చినా తియ్యకు."

"ఆయ్."

తుపానులో కృపానందం ఇల్లు కూడా పోయింది. ఆ గది తప్ప అతనికి మరో కప్పు లేదు.

గదిలో అతని భార్య మరియమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండా అడిగింది.

"ఎన్నిసార్లు ఆయ్ అన్నావయ్యా?"

"ఏం చెయ్యమంటావే? రేపు ఖాళీ చెయ్యమంటే నిన్నెక్కడ పెట్టను?"

"బంగారమ్మ చెయ్యి చూసేవా?"

"చూసేను."

"చూసి?"

కృపానందం చొక్కా తగిలించుకుని బయటికొచ్చేశాడు.

చీకటి పడేవేళకి గేటు ముందు జనం చేరారు. ముందున్నవాడు వీరన్న. చెట్టెక్కి కాయలు దింపుతాడు, కూలీల సంఘానికి కార్యదర్శి.

"తాళం తియ్యి బావా. మీటింగు పెట్టుకోవాలి."

"తియ్యనురా. నా నోటికాడ కూడు పోతాది."

"నీ ఒక్కడి కూడే కనపడతందా? వానల్లో మేం కాయలు నీ నెత్తి మీద వలవమంటావా?"

జనం నవ్వారు. కృపానందం నవ్వలేదు. ఆ వెనకనుంచి బంగారమ్మ వచ్చింది. చేతికి పిండికట్టు.

"నన్ను తొయ్యడానికైతే తీసేవు గదన్నా. కూకోడానికి తియ్యవా?"

కృపానందం గేటు తీశాడు.

వాన మొదలైంది. జనం ఒక్కసారి మీదకొచ్చారు. ఆ తోపులాటలో కృపానందం పాత అలవాటు చొప్పున గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చెయ్యి దానంతటది లేచింది.

"పేటోళ్లు సందులోంచండి, సందులోంచి! నేతోళ్లు బెంచీ గుమ్మం! హరిబాబుగారూ, తమరిటు రండి, కుర్చీల్లోకి."

ఎవరూ ఎదురు చెప్పలేదు. పేటవాళ్లు వానలో తడుస్తూ సందులోంచి చుట్టూ తిరిగి నేల క్లాసులోకి వెళ్లారు. నేతవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు. కిరాణా కొట్టు హరిబాబు, మరో నలుగురు కొట్లవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఆ హాల్లోకి వాళ్లు ఎప్పుడూ అలాగే వెళ్లారు.

నేలకీ బెంచీకీ మధ్య గుండెల ఎత్తు గోడ ఉంది. వీరన్న తెర ముందు నిలబడి మాట్లాడాడు. రేకుల మీద వాన. మాట గోడ దాటి అంతంతమాత్రంగా వినపడింది.

"ఏమంటున్నాడండీ?" అని కుర్చీల్లోంచి ఒకాయన అడిగాడు.

"రేపు పొద్దున్న పడగొట్టడానికి వస్తారంట. అడ్డం పడుకోవాలంట," అన్నాడు హరిబాబు. లేచి గట్టిగా అరిచాడు. "వీరన్నా, కాంప్లెక్సులో మాకు కొట్లిస్తానన్నారు మంగరాజుగారు. మేమెందుకు అడ్డం పడుకోవాలి?"

బెంచీల్లోంచి అన్నపూర్ణ వెనక్కి తిరిగింది. నేతమనిషి, గొంతు పెద్దది. "మాకు ఇస్తానన్లేదు. మరి మా నూలు ఎక్కడ ఆరబెట్టుకోమంటారు, మీ కొట్టు అరుగు మీదా?"

"నా కొట్టు జోలికి రాకండమ్మా."

నేలలోంచి బంగారమ్మ లేచింది. గోడ మీదనుంచి తల ఒక్కటే కనిపించింది. "హరిబాబుగారూ, ఆట ఆగిపోయి రెండేళ్లయ్యిందండి. ఇంకా కుర్చీ దిగరేంటండీ?"

హాలంతా నవ్వు. హరిబాబు మొహం ఎర్రబడింది. "ఇక్కడ కూర్చుంటానన్నది నేనా? కృపానందాన్ని అడగండి!"

నవ్వు ఆగింది. అందరూ గుమ్మం వైపు చూశారు.

"టిక్కెట్టు ఎవడు కొన్నాడు బావా, మమ్మల్ని ఇలా పంపేవు?" అన్నాడు వీరన్న.

మరియమ్మ జవాబు చెప్పింది. ఆమె కూడా నేల మీదే కూర్చుంది. "ఆయన పంపేడు సరే. మనం ఎందుకెళ్లేం? ఒక్కరైనా పెద్ద గుమ్మంలోంచి వస్తామన్నామా? మంగరాజు కూడా రేపు ఇలాగే మూడు ముక్కలు చేసి మాట్లాడతాడు. వాళ్లకి కొట్టు, వీళ్లకి ఏదో మాట, మనకి సందు."

కృపానందం నేల క్లాసులోకి దిగాడు. గోడకి ఆనించి ఉన్న వలుపు గునపం తీసుకున్నాడు. మొదటి దెబ్బకి సున్నం రాలింది. రెండోదానికి ఇటుక కదిలింది. వీరన్న వచ్చాడు. బెంచీల వైపునుంచి నేతవాళ్లు కాళ్లతో తన్నారు. గోడ పడింది. ఆ ఇటుకలు మోసి సందు గుమ్మానికి అడ్డంగా పేర్చారు. హరిబాబు కుర్చీలో అలాగే కూర్చున్నాడు. చివరికి లేచి, పంచె పైకి కట్టుకుని, నేల మీదికి వచ్చాడు.

"చోటివ్వండి," అన్నాడు.

బంగారమ్మ జరిగింది.

పొద్దున్నే పోలీసు జీపు వచ్చింది. వెనక మంగరాజు, అతని వెనక పలుగులతో మనుషులు. హాలు ముందు జనం మెట్ల నిండా కూర్చున్నారు. ఎస్సై గుమ్మంలోంచి లోపలికి చూసి, కృపానందాన్ని పక్కకి పిలిచాడు.

"గోడ ఎవరు కూల్చేరు?"

"మేమే!" అని మెట్ల మీదనుంచి అరిచారు.

"మిమ్మల్నడగలేదు. చూడు కృపానందం, నువ్వు తాళం వేసే ఉంచేవు. వీళ్లు విరగ్గొట్టుకుని వచ్చేరు. అంతేనా?"

మంగరాజు గొంతు తగ్గించాడు. "అంతే అను. గది నీదేనన్నాను కదరా."

మరియమ్మ మెట్ల మీదనుంచి చూస్తోంది.

"కాదండి," అన్నాడు కృపానందం. "తాళం నేనే తీసేను. గోడకి మొదటి దెబ్బ నేనే వేసేను. ఆ గది కూడా అందరిదీనండి."

ఎస్సై చెంప మీద కొట్టాడు. జనం లేచారు. లాఠీలు లేచాయి. కృపానందాన్ని, వీరన్నని, ఇంకో తొమ్మిది మందిని జీపులోనూ మంగరాజు లారీలోనూ ఎక్కించారు. అన్నపూర్ణ లారీ ముందు కూర్చుంది. ఆమెనీ ఎక్కించారు. పలుగులతో వచ్చినవాళ్లు హాలు లోపలికి వెళ్లలేకపోయారు. గుమ్మంలో పేట, నేతవీధి, బజారు కలిసి నిలబడి ఉన్నాయి. హరిబాబు ఆ రోజు కొట్టు తెరవలేదు.

పన్నెండు మందినీ రిమాండుకి పంపారు. మర్నాటినుంచి లంక తోటల్లో దింపుకి ఎవరూ చెట్టెక్కలేదు. మంగరాజు పై ఊళ్లనుంచి చెట్లెక్కేవాళ్లని తెచ్చాడు. వాళ్లు హాలు మెట్ల మీద కూర్చుని, కూలీలతో కలిసి తిని, చెట్టెక్కకుండానే వెళ్లిపోయారు.

ఆ శనివారం సాయంత్రమైనా చినపల్లంకనుంచి అంబాజీపేట మార్కెట్టుకి ఒక్క కొబ్బరి లారీ కూడా బయల్దేరలేదు.